సగంలో లేచిన బుధవారం

జూలై 2, బుధవారం

ఈ రోజు నన్ను అన్నం ముందు నుంచి లేపారు.

ఈ మలయ్ గడ్డ మీద డెబ్బై నాలుగేళ్ళ బతుకులో పెళ్ళిళ్ళలో తిన్నాను, దినాల్లో తిన్నాను, బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో కూలీల లైను ఇంటి అరుగు మీద తిన్నాను, పోర్టులో లారీ నీడన కూర్చుని తిన్నాను. తింటున్న నన్ను పట్టుకుని పోలయ్యా, లే అని ఎవడూ అనలేదు. ఈ రోజు ఒక కోడి కొట్టులో ఎర్ర టోపీ పెట్టుకున్న పిల్ల అంది.

నా మనవరాలు మోహనప్రియ ఆఫీసుకు ఎదురుగా ఉన్న కొట్టే. బుధవారం బుధవారం దానితో భోజనం కదా, క్లాంగ్‌లో రైలెక్కి పోర్టుకు వెళ్ళాను. మనవరాలు భోజనం వేళకు రోడ్డు దాటి వచ్చింది. గోడ పక్కన మా బల్ల. నాకు అన్నం, తొడ ముక్క. దానికి అన్నం, రెక్కలు. ఇద్దరం చేత్తో తింటున్నాం. ఏ కంటెయినర్ ఎక్కడ తప్పిపోయిందో, ఎవరు ఎవరిని తిట్టారో అది వచ్చీరాని తెలుగులో, మాట చివర మలయ్ వాళ్ళ ‘లా’ తగిలిస్తూ చెబుతోంది. సుంగై సిపుట్‌లో ఉన్న వాళ్ళమ్మతో ఫోనులో తమిళం, ఆఫీసులో మలయ్, గదిలో స్నేహితురాళ్ళతో ఇంగ్లీషు. ఆ బల్ల దగ్గర ఒక్కచోటే దాని నోట తెలుగు వస్తుంది. అందుకే నాకు ఆ కొట్టు ఇష్టం. కోడి కోసం కాదు. కోడి మా కోడలు జయలక్ష్మి ఇంకా బాగా వేయిస్తుంది.

సగం తిన్నానో లేదో ఆ పిల్ల వచ్చింది. “సోరీ అంకుల్, ఈ టేబుల్ బర్త్‌డే పార్టీకి బుక్ అయింది. అటు వెళ్ళండి” అంది మలయ్‌లో. నేను తలెత్తేలోపే నా పళ్ళెం ఎత్తేసింది. నా వేళ్ళకు మెతుకులు అంటుకునే ఉన్నాయి. పళ్ళెం తీసుకెళ్ళి చెత్తడబ్బా పక్క బల్ల మీద పెట్టింది. దాని వెనకాల ఎవడో బెలూన్లు పట్టుకుని, వీడెప్పుడు లేస్తాడా అని నిలబడ్డాడు. పిల్ల చొక్కాకి పేరు తగిలించి ఉంది. నూరుల్.

లేచిన అన్నం ముందు మళ్ళీ కూర్చోకూడదు. కూర్చోలేదు. చెయ్యి కడుక్కుని, మోకాలు నొప్పిగా ఉందని మోహనతో చెప్పి, రైలెక్కేశాను.

మోహన ఏమందో రాయను. అదేం పెద్ద విషయం కాదు.

ఆ కొట్టు గడప ఇక తొక్కను.

జూలై 3

కోపం తగ్గిపోయింది. అసలు లేనే లేదు. రాత్రి అన్నం సహించలేదు, అది వేరే సంగతి.

జూలై 4

పకీరిసామి వచ్చాడు. పోర్టులో నాతో పాటే చేసి నాతో పాటే రిటైరైనవాడు, మా పక్క వీధి. మా ఇద్దరిదీ తమిళంలోనే మాటాడుకోవడం.

“ఎన్నయ్యా పోలయ్యా, మొహం అలా వేలాడేశావు?” అన్నాడు.

చెప్పాను. పగలబడి నవ్వాడు. “అదేమన్నా పెళ్ళి పందిరా? అన్నదానమా? నువ్వు తిన్నా తినకపోయినా వాడికి ఒకటే. లే అంటే లేవాలి, బిల్లు చూపించి కూర్చోవాలి.”

“తింటున్నవాణ్ణయ్యా!”

“సరే, పక్కన మనవరాలు ఉంది కదా. అది ఊరుకుందా?”

“అది ఏమీ అనలేదు” అన్నాను.

అబద్ధం. ఇది ఎవరూ చదవరు కనుక రాస్తున్నాను. పళ్ళెం ఎత్తేస్తుంటే మోహన నవ్వుతూ నా భుజం మీద చెయ్యి వేసి అంది: “పోనీ తాతా, అక్కడ కూసుందాం లా. సేమ్ కదా.”

సేమ్ కదా అంట. నూరుల్ అంటే పరాయి పిల్ల, దానికేం తెలుసు? ఇది నా కూతురి కూతురు. నా పళ్ళెం చెత్తడబ్బా పక్కకు పోతుంటే దీనికి సేమ్.

నాకు మోహన మీద కోపం లేదు. కొట్టు మీదే.

జూలై 6, ఆదివారం

మోహన ఫోను.

“తాతా, ఆ షాపు మీద నేను కంప్లైంట్ సేసినాను. ఆన్‌లైన్‌లో. నూరుల్ అని పేరు కూడా ఏసినాను. నువ్వు కోపంగా ఎల్లిపోనావు కదా, అందుకు.”

“మోకాలు నొప్పని చెప్పినాను కదే.”

“మోకాలు నొప్పి ఉన్నోడు అంత స్పీడుగా నడుస్తాడేటి?”

మంచి పని చేశావన్నాను. నిజంగానే సంతోషం వేసింది. నా కోసం కంప్లైంట్ పెట్టింది కదా పిల్ల. ఆ నూరుల్‌కి అలాగే కావాలి. ఇంకోసారి ఎవరి పళ్ళెం మీదా చెయ్యి వెయ్యదు.

జూలై 9, బుధవారం

మోకాలు నొప్పి. వెళ్ళలేదు.

జూలై 12

కోడి కొట్టు కంపెనీ మోహనకు క్షమాపణ పంపిందట. దాంతో పాటు కూపన్లు. అది వాటిని జయలక్ష్మి ఫోనుకు పంపించింది. కోడలు చదివి వినిపించింది. గౌరవనీయులైన వినియోగదారునికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామట. ఎవరు చింతిస్తున్నారో పేరు లేదు. ఎవరి గురించి చింతిస్తున్నారో వాళ్ళకీ తెలిసుండదు. నా కోపానికి రెండు కోడి భోజనాలు వెల కట్టారు, కూల్‌డ్రింక్ అదనం.

మర్యాద తెలిసిన ఇంట్లో పొరపాటున ఎవరినైనా విస్తరి ముందు నుంచి లేపితే, లేపినవాళ్ళే వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. కొత్త ఆకు వేసి దగ్గరుండి వడ్డిస్తారు. అంతే తప్ప టికెట్లు పంపరు.

“నీకు వద్దా? అయితే నాకు పంపించమను” అన్నాడు పకీరిసామి. వాడికి సిగ్గు లేదు. పంపించమన్నాను.

జూలై 16, బుధవారం

మోకాలు. వెళ్ళలేదు.

సాయంత్రం పకీరిసామి పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. “నీ పగ రుచిగా ఉందయ్యా పోలయ్యా” అన్నాడు.

తర్వాత కొట్టు సంగతంతా ఏకరువు పెట్టాడు. కౌంటర్‌లో ఇద్దరే ఉన్నారట, జనం తలుపు దాకా ఉన్నారట. తొడ అడిగితే రొమ్ము ముక్క ఇచ్చారట. మంచినీళ్ళు అడిగితే మిషనులో నొక్కుకోమన్నారట. మిషను పనిచెయ్యదట. “నీ నూరుల్‌ని కూడా చూశాను. నేల తుడుస్తోంది. పలకరించాను” అన్నాడు. వీడు రైల్లో పక్కన కూర్చున్నవాడి జాతకం కూడా అడిగే రకం. “సముద్రం అవతల సబా నుంచి వచ్చిందట. ఎవరో పేరు పెట్టి కంప్లైంట్ చేశారని కౌంటర్ నుంచి తీసేశారట. ఇంకొకటి వస్తే ఇంటికేనట. ఆ రోజు టేబుల్ ఖాళీ చేయించమని చెప్పింది మేనేజరేనట. చెయ్యకపోతే తిట్లు, చేస్తే కంప్లైంటు. పాపం, మంచి పిల్లలాగే ఉంది.”

అలాగే కావాలి అని నేను రాసిన మాట పైన ఉంది. కొట్టేయను, అలాగే ఉండనీ.

రాత్రి భోజనాలప్పుడు మోహన ఫోను చేసింది. దాని ఆఫీసులో విశాఖపట్నం నుంచి వచ్చిన భార్గవి అనే అమ్మాయి ఉంది. బుధవారం మధ్యాహ్నం బయటికెళ్ళి తినే గంట సెలవు అసలు ఆ అమ్మాయిది. నా కోసం మోహన బతిమాలి మార్చుకుంది. “భార్గవి ఆ టైమ్ తిరిగి అడుగుతాంది తాతా. నువ్వు వచ్చే బుధవారం కూడా రాకపోతే ఇచ్చేస్తాను లా. తర్వాత నాకు మళ్ళీ దొరకదు.”

“ఇచ్చీమ్మా” అన్నాను.

సరే అంది, ఫోను పెట్టేసింది.

ఇచ్చేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. పండక్కీ పబ్బానికీ కనబడుతుంది. నాతో తమిళంలో మాట్లాడుతుంది. ఏమీ కాదు.

జూలై 17

కంచంలో సగం వదిలేస్తున్నానని జయలక్ష్మి పట్టుకుంది. నోరు మంచిది కాదు మా కోడలిది, చెయ్యి మంచిది.

“సెరువు మీద అలిగి కాళ్ళు కడుక్కోనట్టుంది మావయ్యా మీ యవ్వారం. మీరు ఎల్లనేదని ఆ కోడి కొట్టోడికి తెలుసా ఏటి? తెలిసింది ఆ పిల్ల ఒక్కత్తికే. తాత మోకాలు ఎలా ఉంది అత్తా అని రోజూ నాకు ఫోను సేస్తంది. నేనేటి సెప్పాల? నిన్న మార్కెట్ దాకా నడిసెల్లి సేపలు తెచ్చినాడని సెప్పాలా?”

చేపలు తెచ్చిన మాట నిజమే.

జూలై 20, ఆదివారం

మోహన వచ్చింది, చెప్పా పెట్టకుండా. చేతిలో మోకాలి మందు. ఆకుపచ్చ నూనె, చైనా కొట్టులో అమ్మేది.

“ఏ కాలు తాతా?”

ఎడమ కాలు చాపాను. నేల మీద కూర్చుని రాస్తోంది. రాస్తూ రాస్తూ ఆగింది.

“ఫోన్లో కుడి కాలు అని సెప్పినావు కదా?”

డెబ్బై నాలుగేళ్ళ వాడికి దొంగతనం దొరికిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. అది నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. మూత బిగించి పక్కన పెట్టింది.

“నా మీద కోపమా తాతా? నేనేటి సేసినాను? సెప్పు లా.”

అప్పుడు చెప్పాను. మెల్లిగా చెబుదామనుకున్నాను, గొంతు లేచిపోయింది. తింటున్న మనిషిని లేపకూడదని, అంతకన్నా పాపం లేదని. తోటలో మాతో పని చేయించే మండోరు మహా కర్కోటకుడు, ఆడా మగా చూడకుండా తిట్టేవాడు, అలాంటివాడు కూడా పనికి పిలవడానికి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరైనా తింటుంటే కాలవ పక్కన నిలబడి దగ్గేవాడే తప్ప గడప దాటి పిలిచేవాడు కాదని. నన్ను ఆ పిల్ల లేపితే నువ్వు సేమ్ కదా అన్నావని.

మోహన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానికీ నా కోపమే వచ్చింది, రక్తం ఎక్కడికి పోతుంది?

“నాకు ఎవులు సెప్పినారు తాతా? అమ్మ సెప్పనేదు, నువ్వు సెప్పనేదు. నేను రోజూ లేస్తాను, తెలుసా? ఆఫీసులో తింటా ఉంటే లారీ వచ్చినాది అంటారు, లేస్తాను. బాస్ పిలుస్తాడు, లేస్తాను. మళ్ళీ వచ్చి సల్లారిపోయింది తింటాను. అది తప్పని నాకు తెలీదు. అందరూ అంతే అనుకున్నాను.”

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. రోజూ అన్నం ముందు నుంచి లేస్తోంది. నేను ఒక్కసారి లేచి మూడు వారాలుగా ఇల్లంతా ముఖం మాడ్చుకు తిరుగుతున్నాను.

దుఃఖం వచ్చింది నాకు. దాచుకోలేదు. దాని తల మీద చెయ్యి వేశాను, చేతికి మందు వాసన.

తర్వాత నూరుల్ సంగతి చెప్పాను. మోహనకు అదీ తెలియదు. “అయ్యో, నేను రాసినందుకా?” అని ఫోను తీసి అప్పటికప్పుడు కంప్లైంట్ వెనక్కి తీసుకుంటున్నానని పంపింది. పంపితే వాళ్ళు వింటారో లేదో మరి.

వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అడిగింది. “భార్గవికి ఏటి సెప్పాల?”

“సూద్దాం” అన్నాను.

జూలై 22

రేపు బుధవారం. వెళ్ళను. వెళ్ళినా అక్కడ తినను. ఆ గడప తొక్కనని ఎప్పుడో రాసుకున్నాను.

జయలక్ష్మి నా నీలం చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించింది. తగిలించనీ.

జూలై 23, బుధవారం

వెళ్ళాను. తినకూడదనే వెళ్ళాను. మోహన తింటుంటే పక్కన కూర్చుని టీ తాగి వచ్చేస్తే మాట పోదు, పిల్ల బుధవారమూ పోదు. రైల్లో ఇదే లెక్క వేసుకున్నాను.

కొట్టు కిటకిటలాడుతోంది. మోహన వరసలో నిలబడింది. గోడ పక్క బల్ల దగ్గర ఎవరో కుర్రాళ్ళున్నారు. నాకు వంటగది తలుపు పక్కన చోటు దొరికింది. కూర్చున్నాక చూశాను. పక్క బల్ల దగ్గర, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి అన్నం తింటోంది నూరుల్. అన్నం, వేయించిన ఎండు నెత్తళ్ళు. కోడి కొట్టులో పనిచేసే పిల్ల ఎండు నెత్తళ్ళు తింటోంది.

నన్ను గుర్తు పట్టింది. ముఖం పాలిపోయింది. గబుక్కున లేవబోయింది. మళ్ళీ ఏం కంప్లైంట్ తెచ్చాడో ముసలాడు అనుకుని ఉంటుంది. “మకాన్, మకాన్” అన్నాను, తినమ్మా అని చేత్తో సైగ చేస్తూ. కూర్చుంది కానీ నా వైపే చూస్తూ పెద్ద పెద్ద ముద్దలు మింగుతోంది.

అప్పుడు కౌంటర్ నుంచి మేనేజరు అరిచాడు. “నూరుల్! కౌంటర్‌కి రా! మనుషులు చాలడం లేదు, వెంటనే!”

ఆ పిల్ల నోట్లోకి వెళ్ళబోతున్న ముద్దను డబ్బాలో పడేసింది. సగం అన్నం మీద మూత పెట్టింది. అలవాటైన చెయ్యి అది. మోహన చెప్పిందే, లేస్తాను, లేస్తాను అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. నేనింకా తినడం మొదలుపెట్టలేదు కదా, నేను లేవచ్చు.

“బియార్ దియా మకాన్ దులు!” అన్నాను. ముందు ఆ పిల్లని తిననివ్వండి అని. పోర్టులో క్రేను కింద అరిచిన గొంతు, ఇంకా ఉంది. కొట్టంతా ఇటు తిరిగింది.

మేనేజరు కూడా కుర్రాడే. చెమటలు పట్టి ఉన్నాడు. “అంకుల్, కస్టమర్లు చాలాసేపటి నుంచి ఉన్నారు. మీ కోసమే పిలుస్తున్నాను.”

“నేనూ కస్టమర్నే. నేను ఆగుతాను.”

వరసలో ముందున్న లారీ డ్రైవరు విసుక్కున్నాడు. “ఈ కొట్టు ఎప్పుడూ ఇంతే. అడిగింది రాదు, అడిగినవాడికి రాదు.”

“నిజమే, కొట్టు దరిద్రంగానే ఉంది” అన్నాను అతనితో. “నాకూ ఇక్కడే జరిగింది. కానీ నువ్వు అన్నం తింటుంటే ఎవడైనా వచ్చి లే అంటే లేస్తావా?”

అతను నూరుల్ చేతిలో డబ్బా వైపు చూశాడు.

అంతలో మోహన వరస వదిలేసి వచ్చి నా పక్కన నిలబడింది. మేనేజరుతో గబగబా మలయ్‌లో చెప్పింది. నా మలయ్ కన్నా దానిది చాలా మంచిది. “మా వాళ్ళలో తింటున్న మనిషిని ఎవరూ లేపరు. అది పాపం. ఆమె తినేవరకూ మేమందరం ఆగుతాం. మీరు ఒక్కొక్కరిదీ రాసుకోండి, తొందరేమీ లేదు” అంది.

మా వాళ్ళలో అంది. మొన్న ఆదివారం తెలుసుకున్న మాటని, పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు చెప్పింది. అంతమందిలో దాన్ని దగ్గరకు తీసుకోవడం బాగుండదని ఊరుకున్నాను.

వరసలో ఎవరో ఆడమనిషి “బెతుల్ లా” అంది, నిజమే అని. లారీ డ్రైవరు తల గీరుకుని “సరే, తినమను” అన్నాడు. మేనేజరు ఒకసారి మమ్మల్ని, ఒకసారి నూరుల్‌ని చూసి, తనే ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. నూరుల్ నిలబడే ఉంది. నేను మళ్ళీ సైగ చేశాను. కూర్చుంది. మూత తీసింది. ఈసారి మెల్లిగా తింది.

తిన్నాక చెయ్యి కడుక్కుని, టోపీ పెట్టుకుని మా దగ్గరకు వచ్చింది. కుర్రాళ్ళు అప్పటికి వెళ్ళిపోయారు. గోడ పక్క బల్లని తుడిచి, మలయ్ వాళ్ళు పెద్దలకు చూపించేటట్టు బొటనవేలితో చోటు చూపించి, “అంకుల్, ఇక్కడ కూర్చోండి. నేను తెస్తాను” అంది.

లేపిన మనిషే కూర్చోబెట్టింది. మన పద్ధతి ఆ పిల్లకి తెలీదు, నేను చెప్పనూ లేదు. టీ మాత్రమే అనుకున్నవాణ్ణి, అన్నం, తొడ ముక్క అన్నాను, మోహనకు అన్నం, రెక్కలు. నా పళ్ళెంలో రొమ్ము ముక్క వచ్చింది. ఫరవాలేదు, తినేశాను, మెతుకు మిగల్చలేదు. కంప్లైంట్ వెనక్కి తీసుకున్న సంగతి మోహన ఆ పిల్లతో చెప్పింది, సారీ కూడా చెప్పింది. వచ్చే వారం నుంచి మళ్ళీ కౌంటర్‌లో వేస్తామన్నారట.

మోహన కబుర్లలో పడి తినడం మరిచిపోయింది. భార్గవితో బుధవారం ఇవ్వనని చెప్పేసిందట. ఆ అమ్మాయి మూతి ముడిచిందట, తర్వాత నవ్విందట. నేను గోడ మీద గడియారం చూశాను. దాని భోజనం వేళ అయిపోయింది. ఆలస్యమైతే బాస్ అరుస్తాడని నాకు కంగారు.

“ఒసే, లే, లే. ఆఫీసుకి టైమైపోనాది” అన్నాను.

మోహన కదల్లేదు. పళ్ళెంలో ఇంకా అన్నం ఉంది. ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు నా వైపు చూసింది.

“తింటన్నదాన్ని లేపుతావేటి తాతా?”

నేను గడియారానికి వీపు తిప్పి కూర్చున్నాను.